రెండు బయటికి, రెండు లోపలికి

తొంభైల నడుమ కల్వకుర్తి జీపు అడ్డాలో గిరాకీని లాగేది పాట. ఏ జీపు పాటలో దమ్ము, అంటే గుండెలదిరే మోత, గట్టిగా కొడితే జనం అదే ఎక్కేవారు. ఆ దమ్ము కోసం వెనక సీటు వెనుక చెక్కపెట్టె చేయించి, పళ్లెమంత ఊఫర్ స్పీకర్లు వెనక్కి చూసేలా బిగించేవారు.

నాలుగు ఊఫర్ల పెట్టెను ఆ ఊళ్లో మొదట చేసింది నేను సైన్సు చెప్పే బడి ఎదుట కొట్టున్న వడ్రంగి. అందరూ భాయ్ అనేవాళ్లు. జిగురులో రంపపు పొట్టు కలిపి సందులు మూసేవాడు. అగరబత్తి వెలిగించి, గాలి ఎక్కడ తప్పించుకుంటోందో పొగతో పట్టేవాడు. అగరబత్తిని నేను ఒప్పుకున్నది ఆ ఒక్క పనికే. పెట్టె మోగిన వారంలోనే మరో నలుగురు ఓనర్లు తమకూ కావాలన్నారు.

అంతలో ఆ మొదటి పెట్టె చేయించుకున్న జీపు ఓనరు ఇంటికి వచ్చిన వాస్తు పండితుడు జీపును కూడా చూశాడు. అడ్డాలో నిలిపినప్పుడు ఊఫర్లు నాలుగూ దక్షిణం చూస్తున్నాయి, యముడి దిక్కు, రెండైనా తిప్పాలన్నాడు. ఎర్ర వైరు నాలుగింటికీ కుడివైపే ఉండాలని కూడా చెప్పాడు.

భాయ్ నాకు ఆ మాట చెప్పి నవ్వాడు. "అచ్చంపేట పోయేటప్పుడు ఉత్తరం చూస్తయి, వచ్చేటప్పుడు దక్షిణం చూస్తయి. గిరాకిని పోయేటప్పుడే ఎక్కించుకోమను సార్!"

నవ్వుతూనే పెట్టె కోసి రెండింటిని ముందుకు తిప్పాడు. తిప్పితే వాటి ప్లస్ గుర్తు, ఎర్ర వైరు తగలాల్సిన చోటు, ఎడమకు పోయింది. ఓనరు మాత్రం తానే కూర్చుని, పండితుడి మాట ప్రకారం ఎర్ర వైర్లన్నీ కుడివైపు బిగించుకున్నాడు. దమ్ము చచ్చిపోయింది. పాట రేకుడబ్బాలో గులకరాళ్లలా మోగింది.

భాయ్ అప్పుడప్పుడు చర్చివాళ్లకు శవపేటికలు చేసేవాడు. అడ్డాలో అదే మాటైంది. "పీనుగు పెట్టెలు చేసిన చేతులు. పాట బతుకుతదా?" ఆ నలుగురూ వెనక్కి తగ్గారు.

భాయ్ నా దగ్గరికి వచ్చాడు. "తప్పు వైర్లది సార్. రెండు గాలిని బయటికి నూకుతుంటే రెండు లోపలికి గుంజుతున్నయి. ఒకదాని దెబ్బ ఇంకోటి మింగుతాంది. నేను చెప్తే జీపు సేటు ఇనడు. మీరు సైన్సు సారు. ఆయనొక్కనికే, జర మెల్లగ చెప్పురి."

సరేనన్నాను. మరునాడు టార్చి సెల్లు జేబులో వేసుకుని, సంతరోజని తెలిసే, అడ్డాకు పోయాను.

మూఢనమ్మకాలపై వాదించడంలో నాకు పేరుంది. జనం మూగారు. పెట్టెకు పోయే వైర్లకు సెల్లు ఆనించాను. రెండు ఊఫర్లు బయటికి ఉబ్బాయి, రెండు లోపలికి కుంగాయి. "ఇదే మీ యముడు!" అన్నాను. "వైరు ఎటు బిగించాలో తెలియని తెలివి దిక్కులు లెక్కపెడుతోంది!" రెండు ఊఫర్ల వైర్లు మార్చి పాట పెట్టించాను. జీపు అద్దాలు అదిరాయి. చప్పట్లు కొట్టారు. ఎవడో అరిచాడు, "సేటూ, గా పండితుణ్ణి టాపు మీద కూసోబెట్టు, హారన్ అక్కెర లేదు!"

ఓనరు నవ్వలేదు. పాట ఆపేసి, "అయిపోయిందా సారూ, మీ క్లాసు?" అన్నాడు.

వారం తిరక్కుండానే ఆ పెట్టె పీకించి పట్నం నుంచి వేరేది తెచ్చుకున్నాడు. మిగతా నలుగురూ పట్నమే పోయారు. పెట్టెలో లోపం లేదని వాళ్లందరికీ తెలుసు, కళ్లారా చూశారు. అయినా భాయ్‌తో పని పెట్టుకుంటే వెనకాలే సారొచ్చి నలుగురిలో ఇజ్జత్ తీస్తాడని భయపడ్డారు. పండితుడు మాత్రం దోషం తీరే గడియ వచ్చింది కాబట్టే పాట మోగిందని చెప్పుకున్నాడు. అతని గిరాకీ తగ్గలేదు.

కొట్టు ముందు భాయ్ మంచం కోళ్లు చెక్కుతుంటే వెళ్లి నిలబడ్డాను. తల ఎత్తలేదు.

"మెల్లగ చెప్పమన్న గద సార్."

"నేను చెప్పింది నిజమే కదా భాయ్?"

"నిజమే. గా నిజం నాకు ముందే ఎర్క. నాకు కావల్సింది పని."

తర్వాత చాలా ఊళ్లలో, చాలా సభల్లో ఈ జీపు సంగతి చెప్పాను. జనం పగలబడి నవ్వేవారు. ప్రతిసారీ చప్పట్ల దగ్గరే ఆపేశాను.