లోర్నా తన్నేసిన రాళ్ళు

లోర్నా హాస్కెట్ ముప్పై ఒక్క ఏళ్ళు ఆ గని ఊళ్ళో స్కూలు బస్సు నడిపింది. శనివారం వచ్చిందంటే మాత్రం కొండే. ఊరికి పడమటి ఎడారిలో ఉన్న ఆ కొండకు ఏడు శిఖరాలు, బాట ఒక్కటీ లేదు. ఒక్కో శిఖరం మీదా ఓ రేకు డబ్బా, అందులో ఓ నోటుపుస్తకం. ఎక్కినవాళ్ళు పేరు రాసి దిగుతారు. ఆరు పుస్తకాల్లో లోర్నా పేరుంది. ఉత్తరపు కొమ్ము అనే ఏడో శిఖరం ఒక్కటే మిగిలిపోయింది. ఈలోగా డెబ్భై ఒకటో ఏడు వచ్చింది, మోకాలు మొరాయించింది. మార్చి మొదటి మంగళవారం ఆపరేషన్. ఆ తర్వాత చదును నేల మీద ఎంతైనా నడవమన్నాడు డాక్టరు, బండల జోలికి మాత్రం పోవద్దన్నాడు.

ఆవిడదో పంతం. దారి గుర్తుకని ఎవరైనా రాళ్ళు పేర్చిపోతే ఊరుకోదు. దారి ఎవరిది వాళ్ళు వెతుక్కోవాలి, లేకపోతే ఇంతదూరం వచ్చి ముళ్ళు గుచ్చుకోవడం దేనికంటుంది. గనిలో వెల్డరుగా చేసి రిటైరైన వెండెల్ టిబ్స్ పదిహేనేళ్ళుగా ఆవిడతో నడుస్తున్నాడు. ముందు నడిచేవాళ్ళు దారి చూడాలి, వెనక వచ్చేవాళ్ళు అలాంటి రాళ్ళ గుట్టల్ని తన్నేయాలి. అదీ వాళ్ళ ఒప్పందం.

జనవరిలో కొమ్ము దాదాపు చేతికందింది. ఆ వైపు బండల్లో ఒకదాన్ని పోలినట్టు మరొకటి, అయిదు చీలికలున్నాయి. పైదాకా పోయేది ఒక్కటే. ఎలాగో అది దొరికి పైకి చేరేసరికి కొమ్ము ఎదురుగా ఉంది, గడియారంలో ఒంటిగంటైంది. చీకటి పడేలోగా దిగాలంటే ఒంటిగంటకు ఎక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కి తిరగాల్సిందే. దిగేటప్పుడు మోకాలి వల్ల లోర్నా వెనకబడింది. చీలిక మొదట్లో మూడు పలక రాళ్ళు పేర్చి ఉన్నాయి. ఒక్క తన్ను తన్నింది.

ఫిబ్రవరిలో రెండుసార్లు వెళ్ళారు. రెండుసార్లూ వేరువేరు చీలికల్లో దూరి గోడకు తగిలారు. మూడోసారీ అంతే. పన్నెండూ నలభైకి ఎదురుగా నిటారు బండ. వెండెల్ చల్లగా కూర్చుని బురిటో రొట్టె పొట్లం విప్పాడు.

"గోడ బాగుంది డ్రైవరమ్మా. బస్సు రివర్సు చేస్తావా?"

లోర్నాకు నవ్వు రాలేదు.

దిగుతుంటే వెండెల్ పిక్కకు చొల్లా జెముడు ముళ్ళ బంతి అంటుకుంది. జేబులోంచి దువ్వెన తీసి దాన్ని పీక్కుంటూ ఆగిపోయాడు. లోర్నా ముందుకు దిగి, పక్క చీలిక మొదట్లో ఓ వంకర పాలోవెర్డె చెట్టు దగ్గర ఆగింది. దాని కింద చెల్లాచెదురుగా మూడు పలక రాళ్ళు. తను తన్నినవే. టైము ఒకటిన్నర. పైనుంచి దిగుతుంటే కనిపించింది గానీ, కింద నుంచి ఎక్కేటప్పుడు ఆ చెట్టు వందలో ఒకటి. ఇంక మిగిలింది ఒకే ఒక్క శనివారం.

వెనక్కి చూసింది. వెండెల్ జాడ లేదు. దొంగతనం చేస్తున్నట్టు వంగి, రాళ్ళు మూడూ ఒకదాని మీద ఒకటి పెట్టి గబగబా దిగిపోయింది.

ట్రక్కు దగ్గర నీళ్ళు తాగాక, రాళ్ళు మళ్ళీ పేర్చిన సంగతి చెప్పలేక చెప్పలేక చెప్పింది. వెండెల్ చేతిలో దువ్వెన ఆగింది. వంకర చెట్టు కిందవేనా అని అడిగాడు.

"తన్నేశావా?"

"తన్నకపోతే తిడతావు కదా. వెనకున్నది నేనేగా."

తన్నడం నేర్పింది లోర్నాయే. ట్రక్కు టైరును ఎడమకాలితో ఓ తన్ను తన్నింది, కుడికాలు పనికిరాక. కొండవైపు చూస్తే అయిదు చీలికలూ నున్నగా ఒకే నీడలో కలిసిపోయి ఉన్నాయి.

"వచ్చే శనివారం ముందు నువ్వు నడు," అంది చివరికి. "నేను తన్నింది ఎక్కడో నాకు గుర్తుండలేదు. నువ్వు తన్నింది నీకైనా గుర్తుందా?"

"ఉంది," అన్నాడు వెండెల్ వెంటనే.

మరీ వెంటనే అన్నాడనిపించింది. అయినా చెయ్యి చాపి, అతని చేతిలోని దువ్వెన తీసుకుని, తన సాక్సుకు అంటుకున్న ముళ్ళు పీక్కోసాగింది.