ముప్పై మూడు శాతం ఉక్కపోత

బ్యాటరీ పేలిందనో, ఇల్లు తగలబడిందనో చెబుతానని ఆశపడేవాళ్లు ఇక్కడే లేచి వెళ్లిపోవచ్చు. జరిగింది అంతకంటే ఘోరం. ఏ లెక్కా తప్పకుండా, కూడికలూ తీసివేతలూ అన్నీ సరిగ్గా వేసి, నా చేతులారా మా బావమరిది పెళ్లిసంబంధాన్ని ఉక్కపోతలో ఉడకబెట్టాను.

నూజివీడు నుంచి రెడ్డిగూడెం వెళ్లే దారిలో మాకో మామిడితోట, అందులో ఇల్లు. నా చదువు పదో తరగతితో ఆగింది గానీ లెక్కలు ఆగలేదు. పెళ్లికెళితే భోజనం కంటే ముందు కుర్చీలు లెక్కపెడతాను. ఉప్మాలో జీడిపప్పు కనిపిస్తే మనిషికి సగటున ఎన్ని పడ్డాయో చెబుతాను. మా ఆవిడ రూతు చాలా ఓర్పుగల మనిషని ఈపాటికి మీరు గ్రహించే ఉంటారు.

మా డాబా మీద సోలార్ పలకలు, మెట్ల కింద గదిలో లిథియం బ్యాటరీ ఉన్నాయి. బ్యాటరీ అంటే ఒక్క వస్తువు కాదు, ఇటుకల్లాంటి సెల్లుల వరస. నాలుగేళ్ల వాడకంలో అందులోని పదహారు సెల్లులూ సగానికి సగం నీరసపడ్డాయి. ఇంకో పదహారు కొత్తవి కొన్నాను. పాతవాటిని పారెయ్యడానికి చెయ్యి రాలేదు. మొత్తం ముప్పైరెండిటినీ రెండేసి జతలు కట్టి, ఆ జతలన్నిటినీ గొలుసులా కలపాలి. వీటన్నిటి మీదా బీఎంఎస్ అని ఓ చిన్న పెట్టె కాపలా ఉంటుంది. గొలుసులో ఏ ఒక్క జత అడుగంటినా, తక్కినవి ఎంత నిండుగా ఉన్నా సరే, అది మొత్తం బ్యాటరీని ఆపేస్తుంది. ఈ సంగతి దానితో వచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే రాసి ఉంది. నేను రెండో పేజీ నుంచి చదివాను. మొదటి పేజీ హెచ్చరికలు తెలివితక్కువవాళ్ల కోసం కదా.

మామిడి రైతు ముందు ఏవైనా ముప్పైరెండు వస్తువులు పెట్టి చూడండి. వాడి చేతులు వాటంతటవే గ్రేడింగ్ మొదలుపెడతాయి. లావు కాయలు ఒక పెట్టెలో, సన్నకాయలు ఇంకో పెట్టెలో. రెండూ కలిపితే మా తోటలో పాపం చేసినట్టు. నేనూ అదే నిష్ఠతో సెల్లులను పరీక్షించి కొత్తదానికి కొత్తది, పాతదానికి పాతది జతకట్టాను. కొత్త జతల సత్తా రెండు వందలు, పాత జతలది వంద. మొత్తం సామర్థ్యం ఎంత అని బీఎంఎస్ ఫోనులో అడిగింది. సగటు తీశాను. నూట యాభై అని కొట్టాను. అంత గుండ్రని సగటు వచ్చినందుకు నా వీపు నేనే తట్టుకోబోయాను గానీ చెయ్యి అందలేదు.

ఇక సంబంధం సంగతి. రూతు తమ్ముడు దానియేలుకి ముప్పైనాలుగేళ్లు. అమ్మానాన్నా పోయాక రూతే పెంచింది. నోట్లో మాట బయటికి రావాలంటే అర్జీ పెట్టుకోవాలి, అంత నెమ్మదస్తుడు. ఎన్నో సంబంధాలు వచ్చి కాఫీ తాగి వెళ్లిపోయాక బాపులపాడు సంబంధం కుదిరేలా కనిపించింది. అమ్మాయి ఇతన్ని చూసి సరేనంది. ఇతను కూడా సరేనన్నాడట, అమ్మాయి విన్నానని చెప్పింది. ఇక పెళ్లయ్యాక కాపురం ఉండేది మా పైవాటాలోనే కాబట్టి, అమ్మాయి తరఫువాళ్లు ఇల్లు చూసుకోవడానికి రావాలి. అందులో అమ్మాయి నాయనమ్మ మరియమ్మగారి మాటే ఆఖరు. ఆవిడ ముందే కబురు పెట్టింది: "మా పిల్ల ఉక్కకి ఆగలేదు. ఇల్లు చల్లగా ఉందో లేదో చూశాకే ఏ మాటైనా."

వాళ్లు రావాల్సిన ముందురోజు గాలివాన వచ్చి స్తంభాలు పడిపోయాయి. తెల్లారేసరికి కరెంటు లేదు. ఆకాశం నిండా మబ్బు, పలకల మీద ఎండపొడ లేదు. ఆకు కదలడం లేదు.

"ఏమండీ, జనరేటర్ తెప్పించండి," అంది రూతు.

"జనరేటరా? నా దగ్గర నూట యాభై ఉంది!"

"ఏంటవి?"

"ఆంపియర్ అవర్లు."

"అవి విసురుతాయా?"

"విసరడమేంటి, ఏసీ కూడా వేస్తాను. విస్తళ్లు వేసేసరికి ఇంకా మూడోవంతు మిగిలే ఉంటుంది, వాళ్లు తిని, వక్కపొడి నమిలి, కారెక్కేదాకా సరిపోతుంది. లెక్క వేశాను."

"ఆగిపోతే?"

"లెక్క ఆగదు, రూతూ."

"నా తమ్ముడి బతుకండీ," అంది. ఆ మాట దగ్గరైనా నేను ఆగాల్సింది.

మధ్యాహ్నానికి కారు వచ్చింది. మరియమ్మగారు, ఆవిడ కొడుకు, అంటే అమ్మాయి తండ్రి, ఆనందరావుగారు దిగారు. ఆయన మామిడికాయల వ్యాపారి. తోటల్లో కొని పెట్టెలు కట్టించి పంపుతుంటారు. ముందుగది గుహలా చల్లగా ఉంది. మరియమ్మగారు పమిట భుజాలనిండా కప్పుకుని, "చలేస్తోంది నాయనా," అంది. నాకది పద్మశ్రీ ఇచ్చినట్టు వినిపించింది. వెంటనే ఏసీ ఇంకో రెండు డిగ్రీలు తగ్గించాను.

విస్తళ్లు వేశారు. పప్పుచారు, ఆవకాయ, కోడికూర, రసాలు. తినబోయే ముందు మరియమ్మగారు ప్రార్థన ఎత్తుకుంది. ఆవిడ ప్రార్థన పూత దశలో మొదలై, పిందె మీదుగా, కాయల ధర దాకా వచ్చి, అక్కణ్ణించి దానియేలు మీదికి మళ్లింది. నేను ఒక కన్ను మూసి రెండో కంటితో ఫోను చూస్తున్నాను. నలభై శాతం. ముప్పై ఆరు.

"తండ్రీ, ఈ ఇంటి చల్లదనాన్ని ఎన్నటికీ ఆపకుండా..."

టక్.

ఏసీ నిట్టూర్చింది. ఫ్యాను ముసలి ఎద్దులా రెండు చుట్లు తిరిగి నిలబడిపోయింది. మరియమ్మగారు ఒక్క కన్ను తెరిచింది. నా కన్నూ తెరిచే ఉంది. రెండు కళ్లూ కలుసుకున్నాయి.

"ఏంటిది?"

"ఏం లేదండీ, ఇంకా ముప్పై మూడు శాతం ఉంది!"

"ఎక్కడుంది?"

"ఇదిగోండి, ఫోనులో."

"అయితే ఆ ఫోనుతోనే విసరండి," అంది రూతు. ఓర్పుగల మనిషని చెప్పాను కదా. ఆ ఓర్పు సరిగ్గా అప్పుడే అడుగంటింది.

నేను మెట్ల కింద గదిలోకి పరిగెత్తాను. ఆనందరావుగారు చేతిలో ఆవకాయ ముద్దతోనే నా వెనక వచ్చారు. ఫోనులో జతలన్నిటినీ విడివిడిగా చూశాను. కొత్త జతలు సగం నిండుగా, పెళ్లివారిలా కులాసాగా ఉన్నాయి. పాత జతలు ఎండిపోయి పడి ఉన్నాయి. కాపలాదారు అందరినీ కలిపి పడుకోబెట్టాడు.

"ఏంటండీ, కాయలు సర్దినట్టు సర్దారు?" అన్నారాయన.

"అవునండీ, లావువి ఇటు, సన్నవి అటు. కలగలుపు ఉండదు మన దగ్గర."

"సన్నవి అయిపోతే లావువి కూడా పనిచెయ్యవా?"

"చెయ్యవండీ."

ఆయన ముద్ద మింగి, పొట్ట పట్టుకుని నవ్వారు. "నేను పెట్టె కట్టించేటప్పుడు ప్రతి లావుకాయ పక్కనా ఓ సన్నకాయ దూర్పిస్తానండీ. అన్ని పెట్టెలూ ఒకటే తూకం. కొన్నవాళ్లందరూ సమానంగా ఏడుస్తారు. మీ రైతులేమో నన్ను దొంగంటారు. మీరు నిజాయితీగా సర్ది ఏం బావుకున్నారు?"

నాకు ఒళ్లు చల్లబడింది, ఆ ఇంట్లో ఆ క్షణాన చల్లబడ్డది అదొక్కటే. కొత్తది వంద, పాతది యాభై, కలిపితే ప్రతి జతా నూట యాభై. ఒకటి ముందు అడుగంటడమనేదే ఉండదు. లెక్క ప్రకారం దొంగే రైటు.

"ఇప్పుడు మార్చెయ్యకూడదా?"

"అన్నీ విప్పి బిగించాలండీ. పొద్దుగూకుతుంది."

తలవంచుకుని ముందుగదిలోకి వచ్చాం. అక్కడ దానియేలు మామిడిపళ్ల అట్టపెట్టె మూత చించి, మరియమ్మగారి పక్కన నిలబడి విసురుతున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆవిడ కోడికూర నిదానంగా తింటోంది.

"నువ్వు మాట్లాడవేంటయ్యా?" అందావిడ.

"మా బావ మాట్లాడుతున్నారు కదండీ. ఖాళీ దొరకలేదు."

అతని జన్మలో అదే అతి పెద్ద ప్రసంగం. ఆవిడకి పొలమారింది. నవ్వుతూనే నీళ్లు తాగి, చెయ్యి కడుక్కుని, గదంతా ఒకసారి చూసింది. రూతు గుమ్మం పట్టుకుని నిలబడింది, ముఖం పాలిపోయి.

"పిల్లాడు బంగారం," అంది మరియమ్మగారు. "పైవాటాకి కిటికీలున్నాయి, సరిపోతుంది. ఇబ్బందల్లా ఒక్కటే."

"చెప్పండి పిన్నిగారూ," అంది రూతు.

"మీ ఆయన."

నేను గొంతు సవరించుకున్నాను. "అమ్మా, సాంకేతికంగా చూస్తే మూడోవంతు..."

"ఇదే, ఇదే నేను చెప్పేది! పైవాటాలో స్విచ్చు, బల్బు, ఫ్యాను, ఏదీ నువ్వు ముట్టుకోనని మాటివ్వు. పిల్లనిస్తాం."

"ముట్టుకోనండీ."

"అలా గొణిగితే కుదరదు. నా ప్రార్థన సగంలో ఆపావు కదా, మిగతా సగం నువ్వు పూర్తిచెయ్యి. లే."

లేచాను. అందరూ కళ్లు మూసుకున్నారు. దానియేలు మాత్రం విసరడం ఆపలేదు.

"తండ్రీ," అన్నాను, "నీ దాసుడనైన నేను పైవాటా మీటరు మొదలు కాలింగ్ బెల్లు దాకా ఏ తీగమీదా చెయ్యి వెయ్యను. స్క్రూడ్రైవరుతో ఆ మెట్లెక్కను. సగటులు తియ్యను. సన్నసెల్లులను లావుసెల్లుల నుంచి ఎన్నటికీ వేరుచెయ్యను. ఆమేన్."

"ఆమేన్," అన్నారందరూ.

గిర్రుమని ఫ్యాను తిరిగింది. ఊళ్లోకి కరెంటు వచ్చింది.

మరియమ్మగారు పైకి చూపించి, "చూశావా," అంది నాతో, "పైనున్న ఆయన కూడా దీనికోసమే ఆగాడు."

మర్నాడు జతలన్నీ విప్పి దొంగపెట్టెలు కట్టినట్టు కట్టాను. ఇంతవరకూ ఆగలేదు. పెళ్లయింది, పైవాటాలో కాపురం పెట్టారు. నా ప్రమాణాన్ని అక్షరాలా పాటిస్తున్నాను. మొన్న వాళ్ల ఫ్యాను కీచుమంటుంటే ఖాళీ చేతులతో మెట్లెక్కి, గుమ్మం ఇవతలే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఏ స్క్రూ ఎన్ని చుట్లు తిప్పాలో గంటసేపు చెప్పి దిగివచ్చాను. నోరు మూసుకుంటానని ఆ ప్రార్థనలో ఎక్కడా లేదు. మళ్లీ మళ్లీ చూసుకున్నాను.