దొర ముందు కూర్చున్న రోజు

నిన్న మా ఎదురింటివాళ్ళు గృహప్రవేశానికి పేడ తెప్పించారు. సూర్యాపేటలో ఇప్పుడు పేడ దొరకడమంటే మాటలు కాదు. ఎక్కడినుంచో బకెట్లో మోయించుకొచ్చి, నీళ్ళలో కలిపి, నున్నటి టైల్సు మీద నాలుగు చుక్కలు చిలకరించి, ఆ వెంటనే గుడ్డతో తుడిచేశారు. ఆ నాలుగు చుక్కలకే వాసన మా గుమ్మం దాకా వచ్చింది. మా కోడలు ముక్కు మూసుకుని తలుపు వేయబోతే, "ఉండనీ అమ్మా కాసేపు" అన్నాను. ఆ పచ్చిపేడ నీళ్ళ వాసనను మేం సాన్పి వాసన అనేవాళ్ళం. అది తగిలితే నాకు పూజలూ పండుగలూ గుర్తురావు. మా ఊరి చావడి ముందర, నా పదో ఏట, దసరా వెళ్ళిన వారానికి జరిగిన ఎలక్షన్ గుర్తొస్తుంది.

మా ఊరు చిలుకూరుకు అవతల ఉండేది. పొద్దున బండి కడితే ఎండెక్కేసరికి కోదాడ చేరేవాళ్ళం. హైదరాబాదు రాజ్యంలోకి యూనియన్ మిలిట్రీ వచ్చిన మరుసటేడు అది. అంతకుముందు రెండేళ్ళూ ఊళ్ళ మీద దాడుల భయంతో బతుకమ్మ పేర్చిందీ లేదు, ఆడిందీ లేదు. పొద్దుగూకితే తలుపులు బిగించుకుని, దీపం మీద చాట అడ్డం పెట్టుకుని బతికాం. అందుకే ఆ ఏడు వానలు తగ్గుముఖం పడుతుండగానే ఆడపిల్లలమంతా గట్ల మీద పడ్డాం. తంగేడు పూలు తెంపి ఒళ్ళో పోసుకుంటే పసుపు రంగు పొడి గౌను నిండా అంటేది. గునుగు పూలకు రంగులద్ది ఎండబెడితే వేళ్ళు నాలుగు రోజులు ఎర్రగా, ఊదాగా ఉండేవి, అన్నం కలుపుకుంటే ముద్ద కూడా అదే రంగు. నువ్వులు వేయించి బెల్లంతో దంచిన సద్ది, జొన్నరొట్టెను నలిపి నెయ్యీ బెల్లం పోసి కట్టిన మలీద ముద్దలు, పెసర సత్తు: రెండేళ్ళ ఆకలి ఒక్క పండుగలో తీర్చుకోవాలని మా నానమ్మ పట్టుదల. నోట్లో పొగాకు ముక్క ఒక దవడ నుంచి రెండో దవడకు మార్చుకుంటూ, రోకలి ఆపకుండా, వచ్చేపోయే వాళ్ళను పలకరిస్తూ, తప్పు చేసిన వాళ్ళను తిడుతూ ఆవిడ ఒక్కతే నలుగురి పని చేసేది.

ఆ ఇంట్లో నానమ్మ, అమ్మ, పదమూడేళ్ళ మా అక్క సత్తెమ్మ, నేను, మా అందరికీ పెద్దదిక్కు పెదనాయన లింగయ్య. నాయన నాకు ఊహ తెలియకముందే పోయాడు. పెదనాయన బండి తోలేవాడు. ఊళ్ళో వడ్లు మిర్యాలగూడ మిల్లులకూ, మిరపకాయ సూర్యాపేట బజారుకూ చేరవేసేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన కండువాకు మిల్లులో ఉడికిన వడ్ల వాసన ఉండేది, అందులో మూటగట్టిన బొంగుపేలాలుండేవి. ఎడ్లతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడేవాడు కాదు. ఎడ్లకు మాత్రం దారి పొడుగునా ఊరి సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడట.

ఇంత చెప్పినదాన్ని దొర సంగతి చెప్పకపోతే కథ ముందుకు నడవదు. మా ఊళ్ళో భూమి, చెరువు, చింతతోపు అన్నీ దొరవే. గడి అంటే ఆయన కోటలాంటి ఇల్లు. వంతుల వారీగా ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి గడికి వెట్టికి పోవాలి. కూలి ఉండదు. ఊడవడం, నీళ్ళు మోయడం, వడ్లు దంచడం, చెప్పిన పనల్లా చేయడం. ఆడపిల్లలు పోతే ఎప్పుడు తిరిగొస్తారో, ఎలా తిరిగొస్తారో ఎవరూ అడగకూడదు. నానమ్మ తన చిన్నప్పుడు మూడేళ్ళు పోయింది. నోరు తెరిస్తే ఆపడం కష్టమైన ఆ మనిషి ఆ మూడేళ్ళ గురించి ఒక్క మాట చెప్పగా నేను వినలేదు. ఇక దొర వీధిలో వస్తున్నాడంటే అరుగు మీది వాళ్ళు లేచేవారు, చెప్పులు విడిచేవారు, భుజం మీది కండువా నడుముకు చుట్టేవారు. ముసలివాడైనా, జ్వరంతో మూలుగుతున్నవాడైనా లేవాల్సిందే. ఆయన ముందు ఎవరూ కూర్చోగా ఎవరి తాతా చూడలేదు.

గొడవల రెండేళ్ళూ దొర సూర్యాపేటలో తలదాచుకున్నాడు. మిలిట్రీ వచ్చి అంతా సద్దుమణిగాక, ఆ ఏటి వానల్లో తిరిగొచ్చాడు. వచ్చిన నెలకు ఆయన కావలికాడు మల్లయ్య మా వాకిట్లో నిలబడి, నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"అవ్వా, దసరా పోయినంక, అమాస నుంచి వంతులు మళ్ళ షురువైతయంట. మొదలు మీ ఇల్లే. సత్తెమ్మను తోలుమన్నడు దొర."

నానమ్మ చేతిలో రోకలి ఆగింది. అక్క ఆ రోజు నుంచి సరిగ్గా అన్నం తినలేదు, జడ వేయించుకోలేదు. గునుగు పూలకు రంగులు నేనొక్కదాన్నే అద్దాను.

సరిగ్గా అప్పుడే హుజూర్‌నగర్ తాలూకా కచేరీ నుంచి కబురొచ్చింది. ఊరికో పంచాయితీ పెట్టాలి, దానికో సర్పంచును ఊరివాళ్ళే ఎన్నుకోవాలి అని. వెట్టి చేయించడం నేరమని సర్కారు ఏనాడో చెప్పిందట, కానీ చేయిస్తున్నారని పైకి రాసేవాడు కావాలి కదా. ఆ రాసే అధికారం ఇక సర్పంచుదే. దొర తన పేరే ఇచ్చుకున్నాడు. దొర సర్పంచైతే దొర మీద దొరే ఫిర్యాదు రాసుకోవాలి! ఊరి పెద్దలు నలుగురు మా అరుగు మీదికి వచ్చి, "లింగన్నా, నీ పేరియ్యి. మిర్యాలగూడెం, సూర్యాపేట చూసినోనివి, ఆఫీసరుతోని మాట్లాడొస్తది నీకు" అన్నారు. పెదనాయన చాలాసేపు ఎడ్ల వైపు చూసి, లోపల అక్క వైపు చూసి, "సరే రాయుండ్రి" అన్నాడు. జన్మలో ఆయన చేసిన ఎలక్షన్ ఉపన్యాసం ఆ రెండు మాటలే.

ఆయన ప్రచారం చూసి తీరాలి. ఇంటింటికీ పోయేవాడు, అరుగు మీద కూర్చునేవాడు, మంచినీళ్ళు తాగేవాడు, "బర్రె ఈనిందా?" అని అడిగేవాడు, లేచి వచ్చేసేవాడు. వెనకాలే నానమ్మ పోయి అసలు సంగతి చెప్పేది. ఆడవాళ్ళకూ ఓటుంది అని ఆవిడకు తెలిసిన రోజు పొగాకు నమలడం మరిచిపోయింది. బతుకమ్మ తొమ్మిది రోజులూ చప్పట్ల ఆట అయ్యాక ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, పూల మీద చెయ్యి వేయించి మాట తీసుకుంది. బతుకమ్మ మీద చెయ్యేసి అన్న మాట తప్పితే ఇంట్లో పసుపు కుంకుమ నిలవవని మా నమ్మకం. దొర మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

ఎలక్షన్ నాడు తెల్లవారుతూనే ఆడవాళ్ళు చావడి ముందర నేలంతా సాన్పి చల్లి ముగ్గులు పెట్టారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, పండుగలా అనిపించింది, చల్లారు. ఆఫీసరు బెజవాడ వైపు మనిషి, సన్నగా, కళ్ళద్దాలతో ఉన్నాడు. రెండు కుర్చీలు వేశారు. ఒకటి ఆయనకు, ఒకటి దొరకు. ఊరంతా తడి నేల మీద కూర్చుంది. మగవాళ్ళు ఇటు, ఆడవాళ్ళు అటు, పెదనాయన అందరి కంటే ముందు. డబ్బాలు, చీటీలు అంటే మాకు తెలియవు. ఆఫీసరు పద్ధతి చెప్పాడు.

"ముందు దొరగారికి ఒప్పుకునేవాళ్ళు లేచి నుంచోండి, లెక్కపెడతాను. వాళ్ళు కూర్చున్నాక లింగయ్యకు ఒప్పుకునేవాళ్ళు లేవండి. అర్థమైందా? సరే. దొరగారికి ఎవరండీ?"

ఎవరూ కదల్లేదు. నానమ్మ కళ్ళు మెరవడం చూశాను. అదే నిమిషానికి వీధి మలుపులో చెప్పుల కిర్రు వినిపించింది. ఏ సభకైనా ఆలస్యంగా రావడం దొర మర్యాద. తెల్లటి బట్టలు, వెనకాల గొడుగు పట్టుకుని మల్లయ్య, ఇంకో ఎనిమిదిమంది గడి మనుషులు. దొర చావడి ముందుకు రాగానే ఊరు ఊరంతా ఒక్క పెట్టున లేచి నిలబడింది. మగవాళ్ళ కండువాలు నడుములకు పోయాయి, ఆడవాళ్ళ కొంగులు తలల మీదికి వచ్చాయి. నేనూ లేచాను. అక్కా లేచింది. మా పెదనాయన కూడా లేచి చేతులు కట్టుకున్నాడు.

ఆఫీసరు కళ్ళద్దాలు సర్దుకుని నవ్వాడు. "అందరూ ఒక్కసారే లేచారే! మంచిది, నా పని తేలికైంది. ఏమయ్యా లింగయ్యా, నువ్వు కూడా లేచావేంటి? నీ ఓటు కూడా ఆయనకేనా?"

అని కలం తీసి కాయితం మీద పెట్టాడు. పెదనాయన కట్టుకున్న చేతులు విప్పబోయి మళ్ళీ కట్టుకున్నాడు. దొర తాపీగా మీసం సవరించుకుని, కుర్చీలో కూర్చోకుండా దాని పక్కనే నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. అక్క చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు ఆడవాళ్ళలోంచి నానమ్మ అడుగు ముందుకు వేసింది.

"సారూ, జర కలం ఆపు. మేం ఓటుకు లేవలే. దొరొచ్చిండని లేసినం. మా అయ్య లేసిండు, ఆయన అయ్య లేసిండు. గది మా అలవాటు సారూ, గది ఓటు గాదు."

ఆఫీసరు కలం ఆగింది. నానమ్మ వైపు, నడుములకు చుట్టిన కండువాల వైపు, విడిచిన చెప్పుల వైపు ఒక్కొక్కటిగా చూశాడు. ఆయనకు అర్థమైనట్టుంది, నవ్వు పోయింది. కలం కిందికి దించి అన్నాడు.

"సరే అవ్వా. అందరూ నుంచునే ఉన్నారు కదా. దొరగారు కావాలనుకునేవాళ్ళు అలాగే నుంచోండి. లింగయ్య కావాలనుకునేవాళ్ళు కూర్చోండి."

చెప్పడం ఎంత తేలిక! దొర ఎదురుగా, ఆయన నిలబడి ఉండగా, ఆయన చూస్తుండగా కూర్చోవాలి. పూల మీద వేసిన చేతులన్నీ కొంగులు నలుపుతున్నాయి. ఇక మా అక్క గడికి పోయినట్టే అనుకున్నాను. పెదనాయన ఒకసారి వెనక్కి తిరిగి అక్కను చూశాడు. మళ్ళీ దొర వైపు తిరిగి మెల్లగా నడుం వంచాడు, మోకాళ్ళు వంచాడు. కాళ్ళ మీద పడబోతున్నాడనుకున్నాం. దొర కూడా అలాగే అనుకున్నాడు. అలవాటుగా కుడికాలు కాస్త ముందుకు పెట్టాడు.

పెదనాయన ఆ కాలికి మూరెడు దూరంలో, తడి నేల మీద, మఠం వేసుకుని కూర్చున్నాడు. నడుముకు చుట్టిన కండువా విప్పి భుజం మీద వేసుకున్నాడు.

ఆ తర్వాత కూర్చున్నది నానమ్మ. "అమ్మయ్యా" అంటూ, జాతరకు నడిచొచ్చిన మనిషిలా చతికిలబడింది. ఆవిడ పక్కన అమ్మ, అమ్మ పక్కన సాకలి ఎల్లమ్మ, ఆ వరస, దాని వెనక వరస. గాలికి వరిచేను వంగినట్టు చావడి ముందు నుంచి వీధి మలుపు దాకా జనం కూర్చుంటూ పోయారు. ఓటు లేని పిల్లలం మేమూ కూర్చున్నాం. అక్క రెండు అరచేతులూ నేలకు గట్టిగా ఆనించి కూర్చుంది, ఎవరైనా లాగినా రానన్నట్టు. చివరికి దొరా, గడి మనుషులూ మాత్రం నిలబడ్డారు. అప్పుడు మల్లయ్య, ఎత్తిన చేతిలో గొడుగు ఎత్తినట్టే ఉండగా, దొర వెనకాల గొంతుక్కూర్చున్నాడు. గొడుగు ఆయనతో పాటు కిందికి దిగింది. మా ఊరి ఎండ మొదటిసారి దొర నెత్తి మీద పడింది.

నవ్వింది ఎవరో తెలియదు, కానీ ఊరంతా నవ్వింది. ఆఫీసరు నిలబడ్డవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టాడు, వేళ్ళు సరిపోయాయి. "లింగయ్య గెలిచాడు" అని చదివాడు. దొర వెనక్కి తిరిగి, గొడుగు లేకుండానే గడికి నడిచాడు. ఆయన పోతుంటే కూడా ఎవరూ లేవలేదు.

ఇక ఆ సాయంత్రం చూడాలి! పెదనాయనను ఆయన బండి మీదే కూర్చోబెట్టి డప్పులతో ఊరేగించారు. వేరేవాళ్ళు ఎడ్లను తోలుతుంటే చూడలేక సర్పంచుగారు సగం దారిలో దూకి పగ్గాలు తానే పట్టుకున్నాడు. ఇంటికో మలీద ముద్ద బండిలోకి వచ్చింది. మర్నాడు డప్పుతో ఆయన వేయించిన మొదటి చాటింపు, "ఇయ్యాల్టి నుంచి ఏ ఇంట్లకెళ్ళి ఎవ్వరు గడికి వెట్టికి పోయేది లేదహో" అని. వాడవాడకూ ఆగి, ప్రతి చోటా మూడుసార్లు చెప్పించాడు. మేం పిల్లలం వెంటపడి నాలుగోసారి మేం చెప్పాం. అక్క జడ వేయించుకుని, తంగేడు పూలు పెట్టించుకుని, మూడు రొట్టెలు తిని ఇంకోటి అడిగింది. నానమ్మ గడికి ఎదురుగా ఉన్న అరుగు ఎక్కి, కాళ్ళు బార్లా చాపి, పొగాకు నోట్లో వేసుకుంది.

"గిట్ల కూసుంటే ఇంత సుకముంటదని తెల్వకపాయె బిడ్డా" అంది.

అవన్నీ ఇప్పుడు లేవు. గడి కూలిపోయి ముళ్ళచెట్లు మొలిచాయి. చావడి ఉన్న చోట పంచాయితీ ఆఫీసు కట్టి ఇనుప కుర్చీలు వేశారు. గట్లు దున్నేశాక గునుగు కనిపించడం లేదు, బతుకమ్మకు పూలు బజారులో కొంటున్నారు. ఆనాడు కూర్చున్న పెద్దవాళ్ళు అందరూ వెళ్ళిపోయారు. మా సత్తెమ్మక్క సొంత ఇంట్లో, మనవల మధ్య, నిండు వయసులో పోయింది. ఏ గడి గుమ్మమూ తొక్కకుండానే పోయింది.

పోయిన నెల మా వార్డుకు నిలబడుతున్న పెద్దమనిషి ఒకాయన ఓటడగడానికి మా ఇంటికొచ్చాడు. వెనకాల ఇరవై మంది, పూలదండలు, ఫోన్లు. మా కోడలు కంగారుగా లేచి నిలబడి, నన్నూ లేవమని కళ్ళతో సైగ చేసింది. నేను మంచం మీదే ఉన్నాను. ఆయన మంచివాడిలాగే ఉన్నాడు, దగ్గరికి వచ్చి వంగి, "మోకాళ్ళు నొస్తున్నాయా అవ్వా?" అని అడిగాడు.

"లేదు బిడ్డా, మంచిగనే ఉన్నయి" అన్నాను. "నువ్వు గూడ కూసో."