మత్తు డాక్టరు గారి తేలిక తూటాలు

అంకుల్ పోయారని గొర్రెల రైతు ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. మా అక్క వచ్చి నా వీపు నిమిరి, "పెద్దాయన, నిద్రలోనే సుఖంగా పోయాడు. పోనీలేవే, ఇకనైనా నీకా తుపాకుల పిచ్చి వదులుతుంది" అంది. ఓదారుస్తున్నాననే అనుకుంది పాపం. రెండేళ్ళుగా మా ఇంట్లో నా మీద ఉన్న అభిప్రాయాలివి: ఆఫీసులో విసుగు పుట్టి ఏదో ఒక సరదా పట్టుకున్నానని మా అక్క; మనసు బాగాలేక ఇలా తయారయ్యానని తెనాలి నుంచి మా అమ్మ. మా బావకి ఇదంతా జోకు. "నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు మరదలా, నువ్వేంటి ఏకంగా నక్కనే లేపేస్తున్నావ్?" అంటాడు. చంపడంలో నాకేదో ఆనందం ఉందన్న చోట మాత్రం ముగ్గురిదీ ఒకటే మాట. అంకుల్ నాకు నేర్పింది సరిగ్గా దానికి ఎదురు. ఆ సంగతి చెప్పబోతే రెండో వాక్యం దాకా ఎవరూ ఆగలేదు. మీరు ఆగుతారని రాస్తున్నాను.

ఆయన మత్తు డాక్టరు. గుంటూరులో చదివి, ఈ ఇంగ్లండు వచ్చి, ముప్ఫై ఏళ్ళకు పైగా ఆపరేషన్ థియేటర్లలో మనుషుల్ని నిద్రపుచ్చారు. రిటైరయ్యాక బేసింగ్‌స్టోక్‌కి అరగంట దూరంలో ఒక పొలం పక్కన ఇల్లు కొనుక్కున్నారు. ఆంటీ అప్పటికే లేరు. గొర్రెలు ఈనే రోజుల్లో నక్కలు పిల్లల్ని ఎత్తుకుపోతుంటే రైతుకు సాయంగా ఉంటుందని, పోలీసుల దగ్గర తుపాకీ లైసెన్సు తీసుకుని నక్కలను కొట్టే పని ఈయన నెత్తిన వేసుకున్నారు.

మా బావకు ఆయనతో పరిచయం. నేను నాటింగ్‌హామ్‌లో మాస్టర్స్ ముగించి, బేసింగ్‌స్టోక్‌లో ఇన్సూరెన్స్ ఉద్యోగం దొరికి, అక్కావాళ్ళింట్లో చేరిన కొత్తలో ఒక ఆదివారం అందరం ఆయనింటికి భోజనానికి వెళ్ళాం. మిగతావాళ్ళు టీవీ ముందు చేరారు. నేను ఎక్కడా కుదురుగా కూర్చోలేను కాబట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన నా పక్కకొచ్చారు.

"అదిగో, ఆ కంచె చివర ఏముంది?"

"గొర్రె. ఎడమ చెవికి పసుపు బిళ్ళ ఉంది. ముందు కాలు కుంటుతోంది."

"కుంటుతోందా?" కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసి, రైతుకు ఫోన్ చేశారు. పెట్టేశాక, "నాకు ఆనలేదమ్మాయ్. శనివారాలు ఖాళీయేనా నీకు?" అన్నారు.

అలా మొదలైంది. మూడు నెలలు రైఫిల్ ముట్టుకోనివ్వలేదు. పొలమంతా తిప్పి, ఒక్కో చోట నిలబెట్టి ఒకటే ప్రశ్న: ఇక్కణ్ణించి కొడితే తూటా ఎక్కడ ఆగుతుంది? వెనక మట్టికట్ట ఉందా? కంచె అవతల జనం నడిచే దారి ఉందా? "ఎక్కడ ఆగుతుందో చెప్పలేనివాడు ట్రిగ్గర్ జోలికి పోకూడదు" అనేవారు. నేను తప్పు చెబితే చేతులు వెనక్కి కట్టుకుని, నేను సరిగ్గా చెప్పేదాకా అక్కడే నిలబడతారు. వాన పడినా సరే.

తరవాత తూటాల పాఠం. ఆయన డైనింగ్ టేబుల్ మీద రెండు పెట్టెలు. ఒకదాంట్లో తూటా మొన బరువు నలభై గ్రెయిన్లు, రెండోదాంట్లో యాభై అయిదు; గ్రాముకు పదిహేను గ్రెయిన్ల లెక్క. నా రెండు అరచేతుల్లో రెండూ పెట్టి, "తేడా తెలుస్తోందా?" అన్నారు.

"లేదంకుల్."

"తెలీదు. గ్రాము తేడా. చింతగింజంత. కానీ ఆ గ్రాములోనే ఉంది అంతా." తేలిక తూటా వడిగా పోతుందనీ, దాని తొడుగు పలచన అనీ, నక్కకు తగలగానే లోపలే చిట్లి అవతలికి రాదనీ చెప్పారు. బరువైనది ఒక్కోసారి దూసుకుని బయటికొచ్చేస్తుంది. ఈ చెకుముకి రాళ్ళ నేలకు తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. "నక్క ఆరేడు కిలోలు. దానికి ఏనుగు డోసెందుకు?"

"మరి గాలికి పక్కకు పోదా తేలికది?"

"పోతుంది. గాలి ఉన్న రోజు మనం ఇంట్లో ఇడ్లీ తింటాం."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "అమ్మాయ్, మత్తు డాక్టరుకి ఒకటే పని. ఒంటికి జరిగేది ఒంటికి తెలియనివ్వకూడదు. ఇక్కడా నేను చేసేది అదే."

కొట్టేముందు ఆయనకో అలవాటు ఉండేది. గొణుగుతున్నట్టు పది, తొమ్మిది, ఎనిమిది అని వెనక్కి లెక్కపెట్టుకునేవారు. మత్తిచ్చేముందు పేషెంట్లతో లెక్కపెట్టించినట్టే. ఎనిమిది దగ్గరే తూటా పోయేది; ఆయన ఏడు అనగా నేను వినలేదు.

తూటాల పాఠానికి నేను "సరే అంకుల్" అని తల ఊపాను కానీ నమ్మలేదు. బరువైతే దెబ్బ గట్టిగా తగులుతుంది, గట్టిగా తగిలితే తొందరగా పోతుంది అనే నా లెక్క నాకుంది. పెద్దవాళ్ళతో వాదించకూడదు, తల ఊపి, వెనకాల మనకు తోచింది చేసుకోవాలి. ఇది నేను మా ఇంట్లో పుట్టినప్పటి నుంచి సాధన చేసిన విద్య. మా అమ్మకు ఇంజనీరింగ్ బ్రాంచి విషయంలో ఊపాను, అక్కకు పెళ్ళిసంబంధాల విషయంలో ఊపాను.

పోయిన ఏడాది మార్చిలో, తెల్లవారుతుండగా, ఇద్దరం కంచె పక్కన గడ్డిలో పడుకుని ఉన్నాం. రైఫిల్ నా చేతిలో. ఆయన పక్కనే, బైనాక్యులర్స్ కళ్ళకు ఆనించుకుని ఉన్నారు. కాగితం గురిమీద పరీక్షించడానికని బరువు తూటాల పెట్టె కూడా ఆ రోజు సంచీలో ఉంది. ఆయన అటు తిరిగి ఉండగా నేను అందులోంచి ఒకటి తీసి వేసుకున్నాను. నక్క మీద జాలితోనే. ఆ రైఫిల్ గురి నలభై గ్రెయిన్ల తూటాకు సరిచేసి ఉందని, గ్రాము మారితే గురి కూడా మారుతుందని నాకు తెలుసు. అంత దగ్గరలో ఏమవుతుందిలే అనుకున్నాను.

నక్క వచ్చింది. గాలి లేదు. వెనక మట్టికట్ట ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయి. కొట్టాను.

అది అరిచింది. అంతకుముందు ఎప్పుడూ నేను ఆ అరుపు వినలేదు. ఆయన పక్కనుండగా వినాల్సిన అవసరం రాలేదు. ముందు కాలు వేలాడుతుండగా అది ముళ్ళపొదల్లోకి పోయింది.

ఆయన నా చేతిలోంచి రైఫిల్ తీసుకుని, ఖాళీ తూటా గొట్టం బయటికి లాగి, అడుగున కంపెనీ అచ్చు చూశారు, బరువు తూటాల కంపెనీది. నావైపు చూడలేదు. లేచి నడిచారు. అరిగిపోయిన మోకాళ్ళతో ఆ ముళ్ళల్లో, నెత్తుటి చుక్క వెంట నెత్తుటి చుక్క, గంటకు పైగా వెతికారు. చుక్కలు చూసి చెప్పడం నా పని. "ఇక్కడ." "ఇదిగో ఇక్కడ." చివరికి కాలవ గట్టున దొరికింది. మమ్మల్ని చూసి లేవబోయింది. ఆయన లెక్కపెట్టకుండానే కొట్టేశారు.

తిరిగొచ్చి కారులో కూర్చున్నాక ఫ్లాస్కు తీశారు. మూత తిప్పలేకపోయారు, చేతుల నిండా ముళ్ళ గీతలు. నేను తిప్పి ఇచ్చాను.

"నా మాట నచ్చకపోతే నచ్చలేదని మొహం మీద చెప్పు" అన్నారు. "వాదించుకుందాం. నువ్వే గెలుస్తావేమో. తల ఊపి వెనకాల వేరే పని చేస్తే, ఆ మధ్యలో ఉన్నది చస్తుంది. థియేటర్‌లో మనిషి. ఇక్కడ ఇది."

"సారీ అంకుల్."

"నాకెందుకు సారీ? నాకేం తగల్లేదుగా."

నన్ను మానెయ్యమనలేదు. ఎండాకాలమంతా కాగితం మీదే కొట్టించారు. ఒక శనివారం నలభై, ఒక శనివారం యాభై అయిదు. చిల్లులు ఎంత దూరం జరిగాయో నాతోనే స్కేలు పెట్టి కొలిపించారు. మా మధ్య వాదనలూ అప్పుడే మొదలయ్యాయి. ఒక్కటి కూడా గెలవలేదు కానీ, గొంతెత్తి "కాదంకుల్" అన్న ప్రతిసారీ ఆయన కుర్చీ ముందుకు లాక్కుని కూర్చునేవారు. నేను "కాదు" అంటే కుర్చీ ముందుకు లాక్కున్న మొదటి పెద్దమనిషి ఆయన. మళ్ళీ నక్కను కొట్టనిచ్చింది చలికాలంలో. అది నిలబడ్డ చోటే పడిపోయింది. ఆయన ఫ్లాస్కు మూతలో మొదటి టీ నాకు పోశారు.

ఫ్యూనరల్ అయిన మర్నాడు పోలీసులొచ్చి రైఫిళ్ళు తీసుకుపోయారు. రైతూ నేనూ గుమ్మంలో నిలబడి చూశాం. గొర్రెలు ఈనడం మొదలైంది, ఇప్పటికే రెండు పిల్లలు పోయాయని చెప్పాడు. పక్క ఊరి ఆయన వస్తానంటున్నాడట. నాకు అతను తెలుసు. జేబులో ఏ తూటా ఉంటే అది వేస్తాడు, తగిలినదాన్ని వెతకడానికి బండి దిగడు. ఈ ఏడాదికి వేరే దారి లేదని రైతు నేల చూస్తూ అన్నాడు. వచ్చే ఏడు సంగతి నన్ను అడిగాడు.

లైసెన్సుకు దరఖాస్తు చెయ్యాలంటే ఇంట్లో గోడకు బిగించిన ఇనుప బీరువా ఉండాలి. ఆఫీసరు ఇంటికొచ్చి చూస్తాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అక్కకు చెప్పాను.

"నా ఇంటికి పోలీసులా? పిల్లలున్న ఇంట్లో తుపాకీనా? నీకేమైనా మతి పోయిందా?"

"నీ ఇంట్లో వద్దులే అక్కా. న్యాయమే."

"అమ్మయ్య. ఆయన పోయారు, అది అయిపోయింది. కొన్నాళ్ళు పోతే నువ్వే మర్చిపోతావు. సరేనా?"

బావ కూర గిన్నె నావైపు జరిపాడు. అక్క నా తల వైపే చూస్తోంది.

"కాదక్కా" అన్నాను.

రైతు ఇంటి వెనక ఒక గది ఖాళీగా ఉంది. అద్దెకు తీసుకున్నాను. దరఖాస్తులో ఆ అడ్రసే రాశాను. లైసెన్సు రావడానికి నెలలు పడుతుంది. ఈ శనివారం అక్క ఇల్లు ఖాళీ చేస్తున్నాను. వచ్చే మార్చికి ఆ పొలంలో నక్కలను నేను కొడతాను.