అన్న కారుకు కొత్త పైపులు

అన్న పోయిన రెండు నెలలకు వదిన ఫోన్ చేసింది. చందనవెల్లి ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పని దొరికిందని, డ్రైవింగ్ కూడా నేర్చుకున్నానని, అన్న చివరిసారి దవాఖానలో చేరినప్పటి నుంచి మా ఇంటి ముందే ఉన్న ఆయన కారును చేవెళ్లకు తెచ్చిమ్మని అడిగింది. ఏ లోపమూ లేకుండా దాన్ని ఆమె చేతికివ్వాలని నా పట్టుదల. ఏడాదిపాటు వారానికి రెండుసార్లు అన్న ఆ కారు తనే నడుపుకుంటూ డయాలసిస్‌కు నగరానికి వచ్చేవాడు, పక్కన వదిన. దవాఖానకు కూతవేటు దూరంలో ఉండి కూడా నేను ఒక్కసారైనా తోడు వెళ్లలేదు. ఎప్పుడడిగినా ఆఫీసు అనేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఉదయం ఎనిమిదికి మెహిదీపట్నంలో బయలుదేరాను. మీరు ఈ దారిన వెళ్తుంటే అంతకంటే ఆలస్యం చేయకండి, అప్పా జంక్షన్ దాటేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. రోడ్డు పనుల దుమ్ము అద్దాన్ని కప్పేసింది. నీళ్లు కొట్టే మీట లాగితే మోటారు చప్పుడే తప్ప చుక్క రాలేదు. వైపర్ ఆ దుమ్మునే అటూ ఇటూ పూసింది.

మొయినాబాద్‌లో రోడ్డు పక్కన ఒక షెడ్డు ముందు ఆపాను. యాభై ఏళ్ల మెకానిక్ బానెట్ ఎత్తి, లోపల తడిమి నవ్వాడు.

"అన్నా, ఇది కారు పైపు గాదు, సెలైన్ పైపు. ఇంజన్ వేడికి ఎండి పలిగింది. ఎవరు పెట్టిండ్రో గని, జర తెలివిగల్లోడే."

"మా అన్ననే పెట్టి ఉంటడు," అన్నాను.

"ఫికర్ చెయ్యకు, కొత్తది ఏస్త."

నీళ్ల ట్యాంకు నుంచి అద్దం దాకా నల్ల రబ్బరు పైపు కొలిచి కోశాడు. కొసలు వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక నీళ్లు చిమ్మే నాజిల్‌లకు తొడిగాడు. ముప్పావు గంట పట్టింది, పైపూ కూలీ కలిపి నాలుగు వందలు. పసుపు బారిన పాత పైపు ఎత్తి చూపి, "ఇది పారెయ్యాల్నా?" అన్నాడు. నాకు దవాఖాన కళ్లముందు మెదిలింది. పారెయ్యమన్నాను.

చేవెళ్ల చేరేసరికి పదకొండు. వదిన డ్రైవరు సీట్లో కూర్చుంది. మీట లాగమని గర్వంగా చెప్పాను. రెండు ధారలు అద్దం మీద పడ్డాయి. ఆమె చెయ్యి మీట మీదే ఉండిపోయింది.

"పైపు మార్పించినవా శీనూ?"

"అవు వదినా. పాతది పలిగింది."

"గది నేనే తెచ్చిన, నర్సమ్మను అడిగి. దవాఖాన ముందటనే, ఎండల, నేను పట్టుకుంటే మీ అన్న తొడిగిండు. నీళ్లు రాంగనే చిన్న పోరగాని లెక్క నవ్విండు. గంత నవ్వు మళ్ల నేను చూడలే. ఏది, పాతది ఇటియ్యి."

షెడ్డులోనే పారెయ్యమన్నానని చెప్పాను. వెంటనే బస్సెక్కి మొయినాబాద్ వెళ్లాను. మెకానిక్ చెత్తకు నిప్పు పెట్టి గంటైందట. కట్టెతో బూడిదంతా కదిపి చూపించాడు పాపం. ఏమీ మిగల్లేదు.

ఫోన్‌లో వదిన నన్ను ఒక్క మాటా అనలేదు. "పోనీ తియ్యి, నీకేమెరుక" అంది. నిజమే, నాకేం తెలుసు? ఆ పైపు తొడిగిన రోజు నేను పక్కన ఉంటే కదా. ఈ దారిన వెళ్లేవాళ్లు బయలుదేరే ముందే మీట లాగి నీళ్లు వస్తున్నాయో లేదో చూసుకోండి. బండి మీది కాకపోతే, ఊడదీసిన పాత సామాను షెడ్డులో వదిలి రాకండి. సంచిలో వేసుకొచ్చి ఇంట్లోవాళ్ల చేతికివ్వండి.