గౌరి పురిటికి తోడు

మొన్న పంజాగుట్ట చౌరస్తాలో మెట్రో మెట్లు దిగుతుంటే, చెరుకురసం బండి పక్కన కుప్పపోసిన పిప్పి వాసన ముక్కుకు తగిలి, ఎక్కడికి పోతున్నానో మరిచి కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఎండకు కొద్దిగా పులిసిన ఆ తీపి వాసన నా చిన్నతనంలో మా నాయిన చొక్కాది. సాయంత్రం ఆయన గడప దాటకముందే ఆ వాసన లోపలికి వచ్చేది; దాని వెనకే ఎండుగడ్డి, తడిమట్టి, బెల్లం కలిపిన రాగిముద్దల వాసన.

మా ఇల్లు అమీర్‌పేటలో ఒక ఇరుకు గల్లీలో ఉండేది. కంప్యూటర్ కోర్సుల కోసం ఊళ్లకు ఊళ్లే వచ్చి పడుతున్న రోజులవి. గోడ కనిపించకుండా పోస్టర్లు, హాస్టల్ కిటికీలకు వేలాడే తువ్వాళ్లు, జిరాక్స్ మిషన్ల వేడిగాలి, మూలమీది బండిలో సలసల కాగే మిర్చిబజ్జీల నూనె. ఎండాకాలం సెలవుల్లో మేము ఉప్పూకారం అద్దిన మామిడిముక్కలు చప్పరిస్తూ, ఎవరో పారేసిన ఫ్లాపీలతో తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. గల్లీ అంతా జావా గురించి మాట్లాడుకుంటుంటే మా నాయిన యాదగిరి మాత్రం పొద్దున్నే లక్డీకాపూల్‌లో బస్సు మారి, జూకు పోయి ఏనుగులను చూసుకునేవాడు. మా పైపోర్షన్‌లో అద్దెకుండే భారతి గారు అదే జూలో డాక్టరు. భీమవరం వైపు మనిషి. ఊరెళ్లి వచ్చినప్పుడల్లా మా నాయనమ్మకు పూతరేకులు తెచ్చేది.

సెలవుల్లో నాయిన నన్నూ తీసుకుపోయేవాడు. జమున పెద్ద ఏనుగు, అడవిలో దుంగలు లాగి, అక్కడే రెండు గున్నలను పెంచి వచ్చినది. గౌరి తల్లి లేని పిల్లగా వచ్చి జమున పొట్ట కింద పెరిగింది. పెద్దదయ్యాక కూడా జమున ముందు కాలు పెడితే గాని నీళ్లలోకి దిగేది కాదు; మేత తింటూ తింటూ మధ్యలో ఆగి, జమున నోట్లో తొండం పెట్టి అదేం తింటున్నదో చూసి వచ్చేది. పక్క ఆవరణలోని మగ ఏనుగును గౌరి దగ్గరికి వదిలితే జమున అడ్డంగా వచ్చి నిలబడేది.

ఒక సాయంత్రం భారతి గారు మెట్ల మీద కూర్చుని నాయినతో అన్నది: "యాదగిరి గారూ, జమున ఉన్నంతకాలం గౌరి చూలు కట్టదండి. ఇంకో ఊళ్లో జూకి ఆడ ఏనుగు కావాలంటున్నారు. అక్కడొకటి ఒంటరిగా ఉందంట. జమునను పంపిద్దాం."

"గౌరి దిగులువెట్టుకుంటది మేడం."

"గున్న పుడితే అన్నీ మర్చిపోతుంది లెండి."

తొమ్మిదేళ్ల నాకైతే సంతోషం పట్టలేదు. మా జూలో గున్న పుట్టబోతున్నదని మరునాడే గల్లీ అంతా చాటాను.

జమునను లారీ ఎక్కించిన రోజు గౌరి కటకటాల సందులోంచి తొండం చాచి, లారీ కనిపించకుండా పోయాక కూడా దాన్ని వెనక్కి తీసుకోలేదని నాయిన చెప్పాడు. ఆ తర్వాత జమున పడుకునే చోటుకు పోయి నేల వాసన చూసేది. నిలబడ్డ చోటే ఇటూ అటూ ఊగేది. ఆ చలికాలమే చూలు కట్టింది. ఏనుగు ఇరవై రెండు నెలలు మోస్తుంది. ఆ ఇరవై రెండు నెలలూ నాయనమ్మది ఒకటే మాట: "పురుడంటె పక్కన ఆడతోడు ఉండాలె. పెద్దదాన్ని ఎల్లగొట్టి చిన్నదానికి పురుడేందిరా?"

ఎంగిలిపూల బతుకమ్మ రోజు పొద్దున గౌరి ఈనింది. పురుడు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని ఆ ఏనుగు, తన కాళ్ల మధ్య కదిలేది ఏమిటో తెలియక ఘీంకరించి గున్నను తన్నింది. నాయినా, ఇంకో ఇద్దరూ కలిసి తాడేసి పిల్లను బయటికి లాగారు. మా గల్లీ ఆడవాళ్లు రోజూ తంగేడు, గునుగు పూలు పేర్చి ఆడుతుంటే, భారతి గారూ నాయినా జూలోనే ఉండి సీసాతో పాలు పట్టారు. పాలు ఇమడలేదు.

తొమ్మిదోనాడు, సద్దుల బతుకమ్మ రోజు మధ్యాహ్నం మేము రొట్టెలు నలిపి బెల్లంతో మలీద ముద్దలు చేస్తుంటే నాయిన వచ్చి, గున్న పోయిందని చెప్పి గడప మీద కూలబడ్డాడు. ఆయన సంచిలో ఖాళీ పాలసీసా ఉంది. వెనకే వచ్చిన భారతి గారు పైకి పోకుండా నాయనమ్మ ముందు నిలబడింది. చేతులకు అయోడిన్ మరకలు, కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"తప్పు నాదేనమ్మా. జంట కోసం చూశాను గానీ, దానికో ఇల్లుందని చూసుకోలేదు."

నాయనమ్మ రెండు ముద్దలు పళ్లెంలో పెట్టి ఆవిడ చేతికిచ్చింది. "ముందుగాల తిను బిడ్డా. తిని, ఆ పెద్దదాన్ని తోలుకరా పో."

నేను ఆ రోజు తినలేదు. నేనూ కోరుకున్న గున్నే కదా అది.

భారతి గారు ఎన్ని కాగితాలు రాసిందో, ఎవరెవరి ఎదుట నిలబడిందో నాకు తెలియదు. చివరకు తానే ఆ ఊరు పోతే, అక్కడి ఒంటరి ఏనుగు జమునను వదిలి క్షణం ఉండడం లేదు. "ఈసారి విడగొట్టను" అని పట్టుబట్టి రెండింటినీ తెచ్చింది. జమున లారీ దిగగానే గౌరి సంబరంతో మూత్రం పోసుకుంటూ, చెవులు ఆడిస్తూ ఎదురుపరుగు తీసింది. మగ ఏనుగును కూడా ఈసారి తొందరపడి వదల్లేదు. నెలల తరబడి కంచె అవతల ఉంచి, జమునకు అలవాటు చేసి, అది పక్కకు తప్పుకున్నాకే గౌరి దగ్గరికి పంపారు.

నా పదిహేనో ఏట గౌరి మళ్లీ ఈనింది. మళ్లీ బెదిరింది, మళ్లీ కాలెత్తింది. జమున మధ్యలోకి వచ్చి, గున్నను తొండంతో తన కాళ్ల చాటుకు లాక్కుని, గౌరి నిమ్మళించేదాకా అట్లాగే నిలబడి, ఆ తర్వాత మెల్లగా గౌరి చన్నుల వైపు నెట్టిందట. అది చెబుతూ నాయిన మా వంటింట్లోనే జమునలా నిలబడి చూపించాడు. మరునాడు నేను పోయేసరికి మూడు పెద్ద ఏనుగుల కాళ్ల నడుమ చిన్న తొండం ఒకటి గాలిని తడుముతున్నది.

ఆ ఇంటి చోట ఇప్పుడు ఆరంతస్తుల హాస్టల్ ఉంది. బతుకమ్మలు పెట్టుకునే వాకిలి లేదు, నాయనమ్మ లేదు. భారతి గారు బదిలీ మీద పోయాక కొన్నాళ్లు ఉత్తరాలు రాసి ఆపేసింది. జమున ముసలితనంతో కన్నుమూసింది. నాయిన రిటైరై ఎర్రగడ్డలో నా దగ్గరే ఉంటున్నాడు. పోయిన ఆదివారం నా కూతురు జూకు పోదామని తాతను లేవదీసింది. ఆయన చెప్పులేసుకుని ఇంటి గేటు దాకా వచ్చి ఆగిపోయాడు.

"మీరు పోయి రాండ్రి."

"గౌరిని చూడవా నాయినా?"

"నేను పోతె అది గుర్తువడ్తది బిడ్డా. గుర్తువట్టినంక మల్ల ఇడిచిపెట్టి రావాలె గద."

చెప్పులు విప్పి లోపలికి పోయాడు.