తిట్ల సిస్టరు కారు

ఆసుపత్రిలో కట్లు కట్టే సిస్టరును అందరూ తిట్ల సిస్టరు అనేవారు. నేను మాత్రం అక్కా అని పిలిచేవాణ్ణి, అదీ తిట్లు తింటూనే. లేతు మిషనులో నా కుడిచెయ్యి నలిగినప్పుడు రెండు వేళ్లు తీసేయాలన్నారు డాక్టరుగారు. "పది రోజులాగండి సార్, నేను చూసుకుంటా" అని ఆవిడ అడ్డుపడింది. ఆ పది రోజులు ఐదు నెలలయ్యాయి. కట్టు తడిపినందుకు తిట్టేది, సిగరెట్టు కాల్చినందుకు తిట్టేది, నొప్పి లేదని అబద్ధమాడినందుకు ఇంకా ఎక్కువ తిట్టేది. వేళ్లు దక్కాయి. చివరి రోజున ఒక గ్లౌజుల పెట్టె చేతిలో పెట్టి, "మందులూ రసాయనాలూ ముట్టుకునేటప్పుడు వేసుకో. మళ్లీ నా గది గుమ్మం తొక్కకు" అంది.

ఆ వేళ్లతోనే ఇప్పుడు జానెడు బొమ్మ కార్లు చేస్తున్నాను. చెక్కతో నమూనా చెక్కి, దాని చుట్టూ ఆరితే గట్టిపడే రబ్బరు ద్రవం పోసి అచ్చు తీసి, ఆ అచ్చులో రెజిన్ అనే ప్లాస్టిక్ ద్రవం పోస్తాను. చెప్పుకోవడానికి మూడు ముక్కలే గానీ, చేసేవాడికి మూడు చెరువుల నీళ్లు తాగిస్తుంది.

ఏడు వారాల తర్వాతి శుక్రవారంతో అక్క ఉద్యోగం అయిపోతుందని తెలిసి, ఆవిడ పాత ఎర్ర కారును చేసివ్వాలనుకున్నాను, ఎడమ తలుపు మీది సొట్టతో సహా. నమూనాకే నలభై రోజులు పట్టింది. అంతవరకూ ఏ పనైనా ఉత్త చేతులతోనే చేసేవాణ్ణి. ఆ గ్లౌజుల పెట్టె విప్పడానికి మనసొప్పక బీరువాలో దాచుకున్నాను. ఆవిడ కారే కదా అని ఈసారి భక్తిగా విప్పాను.

బుడగలు చేరకుండా రబ్బరు మొదటి పూతను మూలమూలలకూ వేలితో అద్దుతాను. ఆదివారం విప్పి చూస్తే నమూనాకు తగిలిన రబ్బరంతా జిగురుగానే ఉంది. సోమవారమూ అంతే, మంగళవారమూ అంతే. రబ్బరు కల్తీదన్నాను. వానను తిట్టాను. మా ఆవిడ మీద కూడా ఎగిరాను. పాపం, తను ఆ గదిలోకే రాలేదు. జిగురు గీకినప్పుడల్లా ముందువైపు జాలీ గీతలు అరిగిపోతున్నాయి. ఇంకోసారి చెడితే నమూనా మిగలదు, మళ్లీ చెక్కడానికి రోజులూ లేవు.

బుధవారం పొద్దున్నే రబ్బరు అమ్మిన కొట్టాయనకు ఫోన్ చేసి కడిగేశాను. ఆయన అంతా విని, "చేతులకేం వేసుకున్నారు?" అన్నాడు.

"గ్లౌజులు. ఆసుపత్రివి."

"అవే మీ కొంప ముంచాయి. అవి తగిలితే ఈ రబ్బరు గట్టిపడదు. నమూనాను సబ్బుతో కడిగి, ఉత్త చేత్తో చేయండి."

ముందు మా ఆవిడకి తప్పయిపోయిందని చెప్పుకుని, తర్వాత గ్లౌజులు పక్కన పడేసి ఉత్త చేత్తో మళ్లీ రబ్బరు అద్దాను. గురువారం అచ్చు చక్కగా ఊడివచ్చింది. ఆ రోజే అందులో కారు పోసి, రాత్రికి రంగు వేశాను.

శుక్రవారం రంగు పూర్తిగా ఆరని కారును అక్క తిప్పి తిప్పి చూసింది.

"ఈ సొట్ట అవసరమా?"

"అది లేకపోతే మీ కారని ఎవరు నమ్ముతారక్కా?"

గ్లౌజుల సంగతి చెబితే నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. "ఐదు నెలలు నేను చెప్పింది ఒక్కటీ వినలేదు. విన్నది ఒక్కటి, అదీ ఇలా తగలడింది."

"అక్కా, మీరే లేకపోతే" అనబోయాను. ఇంతలో బొటనవేలు నలిగిన మనిషొకడు లోపలికొచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. అక్క కారును బల్ల మీద పెట్టి, నా మణికట్టు పట్టుకుని అతని ముందుకు లాగింది.

"ఇదిగో, చూడు. వీటినీ తీసేద్దామన్నారు."

అతను నా వేళ్లవైపే చూస్తూ ఉండిపోయాడు. నేను చెయ్యి ఇంకాస్త ముందుకు చాపి, ఒక్కో వేలూ వంచి చూపించాను.